కడుపు నిండిన ఈస్టు

"ఇకపై ఇన్సులిన్ కోసం మనం ఏ దేశం వైపూ చూడం. ఈ నెల ఇరవైన తొలి సీసా ప్రజల చేతిలో పెడతాను" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఇరవయ్యే ఎందుకంటే, ఆ రోజు ఆయనకు వేరే పని లేదు.

ఆ ఇన్సులిన్ తయారయ్యే ట్యాంకుకు ఆపరేటర్ని నేను. నెల రోజులుగా ఏ షాపులోనూ ఇన్సులిన్ లేదు. మా అక్క దగ్గరున్న మందు ఇరవయ్యో తేదీ రాత్రితో సరి. తొలి సీసా అందుకునేవారి పేరు దగ్గర మా ఇంజనీరమ్మ మా అక్క పేరే రాయించింది. అందుకే మంత్రిగారి మాట మీద మా ఇంట్లో ఉన్నంత నమ్మకం ఆయన ఇంట్లో కూడా ఉండి ఉండదు.

పదిహేనున ఆయన తనిఖీకి వచ్చారు. గాజు కిటికీలోంచి ట్యాంకులోకి తొంగిచూశారు.

"పనివాళ్లేరమ్మా?"

"లోపలున్న ఈస్టే పనిచేసేదండీ," అంది ఇంజనీరమ్మ. "ఇన్సులిన్ జన్యువు దాంట్లో పెట్టాం. చక్కెర తిని ఇన్సులిన్ చేస్తుంది."

"ఎంతమంది ఉంటారు?"

"లీటరుకే కొన్ని వేల కోట్లండీ."

మంత్రిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంత పెద్ద నియోజకవర్గాన్ని ఆయన జన్మలో చూడలేదు.

"మరి చక్కెర నీళ్లు ఇలా చుక్కలు చుక్కలుగా పోస్తున్నారేంటి?"

"అలాగే పోయాలండీ. ఒక్కసారే ఎక్కువ పెడితే ఇన్సులిన్ వదిలేసి సారా కాస్తుంది."

"కడుపు నిండితే పని మానేస్తారా? ఎవరు చెప్పారమ్మా నీకు? నా పాలనలో అర్ధాకలితో ఎవరూ పనిచేయకూడదు. వాల్వు పూర్తిగా తిప్పవయ్యా."

తిప్పింది నేనే. వద్దని ఇంజనీరమ్మ కాగితం మీద రాసిచ్చింది. తిప్పమని మంత్రిగారు నోటితో చెప్పారు. మా ఆఫీసులో కాగితం కన్నా నోటికే బరువెక్కువ. సాయంత్రానికి దానికి 'ఈస్టు ఆత్మగౌరవ పథకం' అని పేరు కూడా వచ్చింది.

పదిహేడో తేదీకల్లా ట్యాంకు గది సారా కొట్టులా గుప్పుమంది. రోజూ గంట ముందే జారుకునే వాచ్‌మన్ ఓవర్‌టైం అడిగాడు. పరీక్ష చేస్తే ఇన్సులిన్ సున్నాకు కాస్త ఎక్కువ. ఇంజనీరమ్మ వెంటనే రిపోర్టు పంపింది.

"మీ రిపోర్టు మాకు ఇరవై ఒకటిన అందుతుంది," అని మంత్రిగారి పీఏ ఆ రోజే ఫోన్ చేసి చెప్పాడు.

ఇరవయ్యో తేదీన వేదిక వెనక పీఏ ఐస్‌బాక్స్ తెరిచాడు. మంత్రిగారు రోజూ భోజనానికి ముందు పొడిపించుకునే విదేశీ ఇన్సులిన్ సీసా తీశాడు. లేబుల్ గోటితో గీకేసి మాది అంటించాడు. నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు.

"ఉన్నది ఇదొక్కటే. ఫోటో అవగానే తిరిగివ్వమని మీ అక్కకు చెప్పు."

చెప్పాను. అక్క తలూపింది. ఆమె ఒళ్లో ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కు ఉంది.

మంత్రిగారు సీసా అక్క చేతిలో పెట్టి, కెమెరాల వైపు తిరిగారు. "తల్లీ, ఇది ప్రజల సొత్తు. ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా సరే."

చప్పట్లు మోగాయి. అక్క సీసాను ఫ్లాస్కులో దించి మూత బిగించింది.

ప్రసంగం రెండు గంటలు సాగింది. ఈలోగా భోజనం వేదిక మీదికే వచ్చింది. మంత్రిగారు చొక్కా చెయ్యి మడిచి పీఏ వైపు చాచారు. పీఏ ఖాళీ ఐస్‌బాక్స్ చూపించి చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారు అక్క వైపు వంగారు.

"తల్లీ, ఆ సీసా ఒకసారి ఇలా ఇస్తావా?"

"మీరడిగినా ఇవ్వొద్దన్నారు కదండీ," అంది అక్క.

మైకు ఆన్‌లోనే ఉంది. మళ్లీ చప్పట్లు, ఈసారి నిలబడి.

"సార్, ట్యాంకులోది కొంచెం తెప్పించమంటారా?" అన్నాడు పీఏ.

మంత్రిగారు అతని వైపు ఒక చూపు చూసి, కంచం పక్కకు నెట్టేశారు.

మర్నాడు అన్ని పేపర్లలోనూ మొదటి పేజీ వార్త అదే: 'ఈస్టు కడుపు నింపి తాను పస్తున్న మంత్రి'. అక్క పేపరు మడిచి ఫ్రిజ్ మీద పెట్టి, లోపలినుంచి సీసా తీసి సూది వేసుకుంది. సీసా వెలుతురులో పెట్టి లేబుల్ చదివింది.

"మన ఫ్యాక్టరీ సరుకు బాగానే ఉందిరా," అంది.