లింగప్ప నడుము

ఆ రోజు పొద్దున పైల్వాన్ లింగప్ప పెట్టుకున్న పని చిన్నదే. పడమటి వీధిలో తన ఖర్చుతో తవ్విస్తున్న మంచినీళ్ల బావికి తొలి గడ్డపార పోటు వేసి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చి సంకటి తినాలి. అతను నిలబడిన పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నిక మూడు రోజుల్లోకి వచ్చేసింది.

లింగప్పది నల్లమాడ దగ్గరి పల్లె. వయసులో ఉండగా బళ్లారి, బెంగుళూరు గోదాల్లో పేరుమోసిన వస్తాదులను మట్టి కరిపించాడు. కుస్తీలు మానేశాక, వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఇంటి ముందు అంబలి కడవలు పెట్టించాడు, పశువులకు గడ్డి తెప్పించాడు. ఇంత చేసినా ఊళ్లో అతనికో చెడ్డపేరు. గోదాలో అలవాటైన రొమ్ము విరుపు వల్ల ఎదుటి మనిషి అతని కంటికి ఆనడని అందరి ఫిర్యాదు. పోటీకి దిగిన బయ్యన్న, ఊళ్లో సగం చేన్ల ఆసామి, ఇంటింటికీ తిరిగి ఆ మాటే చెబుతున్నాడు.

"పెట్టే చెయ్యి మంచిదే. ఆ మెడ వంగితే కదప్పా!"

బావి స్థలంలో జనం చేరారు. పోటు వేయాల్సిన చోట గుండ్రాయి ఒకటి అడ్డంగా ఉంది. లింగప్పతో ఒకే గోదాలో పెరిగిన అబ్దుల్ గఫూర్ ఇప్పుడు బెణికిన నరాలు సరిచేసే వైద్యుడు.

"దొర్లిద్దాం అన్నా," అన్నాడతను.

"దొర్లించేదేంది, ఎత్తి పారేస్తా," అని లింగప్ప వంగి రాయిని పట్టుకున్నాడు.

రాయి కదల్లేదు. నడుములో మాత్రం ఏదో కలుక్కుమంది. లేవబోతే ప్రాణం పోయినట్లయింది. నొప్పికి రెండు చేతులూ రొమ్ము దగ్గర బిగించుకుని, నేల చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. సరిగ్గా అతని ఎదుట ముసలి వెంకటలక్ష్మమ్మ కడవతో నిలబడి ఉంది.

"ఓయమ్మో! పైల్వాను నాకు దండం పెడతాండాడు!"

"నడుం పట్టిందిరా..." అని మూలిగాడు లింగప్ప. వెనకున్నవాళ్లకు సగమే వినబడింది.

"ఏమంటాండాడు?"

"మన నీళ్ల కోసం నడుం కట్టినాడంట!"

చప్పట్లు మోగాయి. గఫూర్ అతన్ని మెల్లగా ఇంటికి నడిపించాడు. దారిపొడుగునా వంగే నడవాల్సి వచ్చింది. ప్రతి గడపలోనూ ఆ దండం తమకేననుకున్నారు. ఎవరో పూలదండ వేశారు. అది కళ్లకు అడ్డంపడి లింగప్పకు దారి కూడా కనబడలేదు.

"నరం వాచిండాది. మూడు దినాలు తాకేది లేదు," అని తేల్చాడు గఫూర్.

చూడవచ్చిన వాళ్లందరికీ లింగప్ప ఉన్న మాటే చెప్పాడు. "వినయం కాదప్పా, నొప్పి!"

"చూడు, గొప్ప కూడా చెప్పుకోడు," అంటూ వాళ్లు కళ్లు తుడుచుకుని పోయారు.

బయ్యన్నకు ఈ సంగతి చేరింది. "వాడు నడుం దాకా వంగితే నేను నేల దాకా వంగుతా," అని బయల్దేరి గడపగడపకూ సాష్టాంగపడ్డాడు. మల్లు పంచె దుమ్ము కొట్టుకుపోయింది.

"ఓట్ల కోసరం ఏం వేషాలప్పా ఇవి!" అంది వెంకటలక్ష్మమ్మ, కడవ దించకుండానే.

లింగప్ప భారీగా గెలిచాడు. లెక్కింపు అయిన సాయంత్రం గఫూర్ అతని వీపు మీద మోకాలు ఆన్చి ఒక్క మెలిక తిప్పాడు. టక్కుమంది. లింగప్ప నిటారుగా లేచి, భార్య రామసుబ్బమ్మ మొహాన్ని మూడు రోజుల తర్వాత చూసి, హాయిగా నవ్వాడు.

మర్నాడు ఓటేసినవాళ్లను పలకరించడానికి పడమటి వీధికి వెళ్లాడు, ఎప్పటి నడకతోనే.

"చూస్తివా? కుర్చీ దొరికేసరికి ఎట్ల నిక్కినాడో!" అంది వెంకటలక్ష్మమ్మ.

మధ్యాహ్నానికి ఊరంతా ఆ మాటే అంటోంది. లింగప్ప ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"నిజం చెప్పేయరాదా?" అంది రామసుబ్బమ్మ.

"చెప్తి కదా! నొప్పి ఉండాదంటే నమ్మలా. ఇప్పుడు పోయిందంటే నమ్ముతారా?"

బావిలో తీయటి నీళ్లు పడ్డాయి. ఆ వీధికి వెళ్లిన ప్రతిసారీ ప్రెసిడెంటు లింగప్ప వంగే నడిచాడు. నడుం నొప్పి మాత్రం మళ్లీ రాలేదు.