సౌభాగ్యమ్మ గారింటి తొలిమంట

మానవజాతి నిప్పును కనుక్కున్న తర్వాత అంతటి ముందడుగు మళ్లీ జగ్గయ్యపేటలోనే పడింది. సహజవాయువు పైపులో ప్రయాణించి నేరుగా వంటింట్లోకి వచ్చేసింది. (పైపు వచ్చింది. వాయువు దారిలో ఉంది. సహజమైనది కదా, తొందరపెట్టకూడదు.)

సౌభాగ్యమ్మ గారు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ కార్మికులకు మధ్యాహ్నం భోజనం క్యారియర్లు పంపి బతుకుతారు. ఆవిడ వంటింట్లో పైపు, మీటరు, కొత్త పొయ్యి బిగించాక, నందిగామ నుంచి గ్యాసు సంస్థ వారి తొలిమంట ధ్రువీకరణాధికారి చంద్రమౌళి గారు విచ్చేశారు. కొత్త పొయ్యి మీద పాలు పొంగుతుండగా ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నది నిబంధన. గ్యాసు వచ్చిందనడానికి అంతకు మించిన శాస్త్రీయ ఆధారం సంస్థ దగ్గర లేదు.

నాబ్ తిప్పారు. మంట రాలేదు.

"ఈ నెల టార్గెట్‌లో మీదొక్కటే మిగిలిందండి" అన్నారు చంద్రమౌళి గారు దీనంగా.

"ఇంత ఎండలో వచ్చారు, ఉత్త చేతుల్తో ఎట్లా పంపిస్తామండి? ఉండండి" అని సౌభాగ్యమ్మ గారు పాత సిలిండరు పొయ్యి మీద పాలు కాచి, పొంగు దిగేలోపే గిన్నెను పట్టుకారుతో ఎత్తి కొత్త పొయ్యి మీద పెట్టారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ పాలతోనే ఆయనకు టీ పెట్టి ఇచ్చారు. మనవాళ్ల మర్యాద ఇట్లాగే ఉంటుంది, అది తిరిగి ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసుకోరు.

ఫొటో అందగానే యాప్ తన విధి నిర్వర్తించింది. ఒక ఇంట్లో రెండు గ్యాసులు ఉండరాదు కనుక సిలిండరు వెనక్కి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ పెరట్లో రాళ్ల పొయ్యి మీద, పత్తికట్టెతో వండుతున్నారు. అన్నం పొగవాసన, క్యారియర్లు ఆలస్యం. కార్మికులు ఒక్కొక్కరే క్యాంటీన్‌కు మళ్లారు.

ఫిర్యాదు చేద్దామంటే యాప్‌లో రెండే రకాలున్నాయి: గ్యాసు లీకు, ప్రెషర్ తక్కువ. ఆవిడ రెండోది నొక్కారు. చంద్రమౌళి గారే వచ్చి పరికరం పెట్టి చూశారు.

"తక్కువేం లేదమ్మా. అసలు గ్యాసే లేదుగా. ఉంటేనే కదా తక్కువో ఎక్కువో తెలిసేది."

"ఆ ముక్కే రాసుకోండి మరి."

"లేదని రాస్తే, ఆ రోజు పాలెట్లా పొంగాయని నన్ను అడుగుతారండి."

"నేనే పొంగించానని చెప్పండి. మీ కోసమేగా చేశా."

"మీ మేలు ఈ జన్మకు మర్చిపోనమ్మా" అని ఆయన ఫిర్యాదును పరిష్కరించినట్లు నమోదు చేసి సెలవు తీసుకున్నారు.

సౌభాగ్యమ్మ గారికి ఒళ్లు మండిపోయింది. (కొత్త పైపు పుణ్యమా అని ఆ ఇంట్లో మండింది అదొక్కటే.) బస్సెక్కి నందిగామ వెళ్లి, పై అధికారి బసవయ్య గారి ముందు నిలబడ్డారు.

"క్యారియర్లు సగం పోయినయ్యండి. గ్యాసన్నా వదలండి, నా సిలిండరన్నా ఇప్పించండి."

"గ్యాసున్న ఇంటికి సిలిండరు ఇవ్వకూడదమ్మా."

"గ్యాసు లేదనే కదండీ వచ్చా."

బసవయ్య గారు కంప్యూటర్‌లో ఆవిడ మీటరు వివరాలు ఓపిగ్గా చూశారు. ఆయన మంచివారు, ఎవరినీ కసురుకోరు.

"మీటరు కదల్లేదమ్మా. మీ ఇంట్లో అసలు వాడకమే లేదు. వాడేవాళ్లకే ముందు వదలమని మాకు ఆర్డరు. మీరు వాడటం మొదలుపెట్టండి, వెంటనే పంపిస్తాం."