మనిషి పట్టేంత గేటు

ఇంటి ప్రహరీకి మనుషుల కోసం వేరే చిన్న గేటు పెట్టించుకోని వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కారూ మనిషీ ఒకే గేటులోంచి రావడమేమిటి? కారు ఏమనుకుంటుంది?

మా ఇంట్లో ఆ అనాగరికం పోయిన నెలతో తీరిపోయింది. మావాడు పెద్ద గేటుకు మోటారు పెట్టించాడు. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి రిమోట్ ఎప్పుడూ వాడి జేబులోనే ఉంటుంది.

"అమ్మా, వచ్చే పోయే మనుషులందరికీ నొక్కితే మోటారు కాలిపోతుంది. నడిచేవాళ్లకి పక్కన చిన్నది పెట్టిస్తున్నా" అన్నాడు.

నిజమే కదా! మోటారు కాలితే బాగుచెయ్యడానికి ఇంకో మనిషి రావాలి. అతగాడు ఎటునుంచి వస్తాడు?

వెల్డింగు మేస్త్రీ టేపు మరిచిపోయి వచ్చాడు. ఎంత వెడల్పని అడిగితే, "మనిషి పట్టేంత" అన్నాడు మావాడు. గోడ పగలగొట్టిన సందులోంచి మేస్త్రీ ఒకసారి అటు వెళ్లి, ఇటు వచ్చి, "నేను పడుతున్నాను సార్" అన్నాడు. ఆయన చీపురుపుల్లకు తమ్ముడిలా ఉంటాడు.

ఆ గేటు వల్ల మాకెన్ని మంచి అలవాట్లు అబ్బాయో! కూరల సంచి ముందు, నేను వెనక. వానలో గొడుగు మూసి తడుస్తూ లోపలికొస్తాం, గొడుగు పాడవదు. మా వియ్యపురాలు ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి ఎలాగో లోపలికొచ్చింది. మళ్లీ బయటికెళ్లే ధైర్యం చాలక రెండు రోజులు ఎక్కువ ఉంది.

మిషనక్క దగ్గరే చిక్కొచ్చింది. రెండిళ్ల అవతల ఉంటుంది. బట్టలు కుట్టి కుట్టి చూపు మందగించింది, మోకాళ్లు అరిగాయి. రోజూ సాయంత్రం వాకరు పట్టుకుని వస్తే, వారపత్రికలో సీరియల్ కొంచెం కొంచెంగా చదివి వినిపిస్తాను. అరవై దాటాక నేర్చిన అక్షరాలు, కూడబలుక్కుంటూ చదువుతాను. విసుక్కోకుండా వినేది ఆవిడొక్కతే.

వాకరు చిన్న గేటులో పట్టలేదు. నేనే వెళదామంటే, వాళ్లకున్న ఒక్క ముందు గదిలో కోడలు ట్యూషన్లు చెబుతుంది. పెద్ద గేటు తియ్యరా అంటే, "ఎప్పుడో అయితే సరే, రోజూ అంటే ఎలాగమ్మా" అన్నాడు మావాడు.

వారం గడిచింది. మేం ఆపిన చోట సీరియల్లో పిల్ల ఇల్లొదిలి రైలెక్కింది. ఎక్కడ దిగిందో మా ఇద్దరికీ తెలియదు. నేనొక్కదాన్నే చదివేసుకుంటే ద్రోహం కదా?

నిన్న సాయంత్రం బయట హారన్ మోగింది. మావాడు తలెత్తకుండానే రిమోట్ నొక్కాడు. ఆటో దర్జాగా వచ్చి మెట్ల దగ్గర ఆగింది. ముందు వాకరు దిగింది, వెనక మిషనక్క.

"రెండిళ్ల అవతల నుంచి ఆటో ఏంటి పెద్దమ్మా?"

"ఏం చెయ్యను నాన్నా. మీ ఇంట్లోకి నేను పట్టను, ఆటో పడుతుంది."

మావాడు రిమోట్ వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ పిల్ల ఎక్కడ దిగిందో మేం చదువుకున్నాం.

కాబట్టి పాఠకులారా, చిన్న గేటు తప్పక పెట్టించుకోండి. దాంతోపాటు ఒక రబ్బరు హారన్ కూడా కొనండి. మాది ఈ ఉదయమే మిషనక్క వాకరుకు కట్టేశాను.