సూపు గిన్నెలో పెట్టుబడి

మాకు పెళ్లయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో నేను కనిపెట్టిన గొప్ప విషయం ఒకటుంది. నా భార్య నష్వా డబ్బు లెక్కపెట్టేటప్పుడు నాలుక కొస కొంచెం బయటపెడుతుంది. అది చూడ్డం కోసమే పెళ్లి చదివింపుల డబ్బు మూడుసార్లు "లెక్క తేలట్లేదు" అంటూ ఆమె చేతికిచ్చాను.

మూడుసార్లూ ఒకటే తేలింది. రెండు లక్షల డెబ్భై వేల ఈజిప్టు పౌండ్లు.

ఒబూర్‌లో మేం చూసుకున్న ఫ్లాటుకి బయానా మూడు లక్షలు. ఆరు నెలల గడువు. దాటితే జాబితాలో తర్వాతి పేరు వాళ్లకి పోతుంది. మేముంటున్నది షుబ్రాలో మా అమ్మ ఇంట్లో. ఆవిడ గదికీ మా గదికీ మధ్య గోడ ఎంత పలచనంటే, నేను నష్వాతో "నిద్రొస్తోందా?" అని గుసగుసలాడితే అవతల నుంచి అమ్మ "నాకు రావట్లేదురా వగ్దీ" అనేది.

కాబట్టి ఎక్కణ్ణుంచైనా సరే ముప్ఫై వేలు పుట్టాలి.

నష్వా నన్ను ఉస్తాద్ ముఖ్తార్ దగ్గరికి తీసుకెళ్లింది. పెట్టుబడుల సలహాదారు. గోడ మీద లైసెన్సు, బల్ల మీద పుదీనా టీ, ముఖం మీద చిరునవ్వు. ఈ మూడూ ఒకేచోట ఉంటే నాకెందుకో పర్సు ఉందో లేదో చూసుకోబుద్ధేస్తుంది.

"మా రుసుము ఏడాదికి నూటికి ఒకటిన్నర" అన్నాడాయన.

"లాభంలోనా?"

"కాదు. మీరు అప్పగించిన మొత్తంలో."

"నష్టమొస్తే?"

"అప్పుడూ మొత్తంలోనే."

"అంటే నేను మునిగినా మీకు తడవదన్నమాట."

"మీరు మునిగితే మొత్తం తగ్గుతుంది కదా. నా రుసుమూ తగ్గుతుంది. నాకూ కాస్త తడుస్తుంది."

"కాస్త!" అన్నాను నష్వా వైపు తిరిగి. ఆమె బల్ల కింద నా కాలు తొక్కింది. పెళ్లయిన కొత్తల్లో అదీ హాయిగానే ఉంటుంది.

"అసలు రుసుమే తీసుకోని సలహాదార్లున్నారట కదా?" అన్నాను.

"ఉన్నారు. వాళ్లకి డబ్బిచ్చేది మీరు కాదు, మీకు సరుకు అమ్మేవాళ్లు. నాకిచ్చేది మీరే. అందుకని నేను మీ మనిషిని."

నాతో ఇంతవరకూ "నేను నీ మనిషిని" అన్నవాళ్లలో నష్వా తప్ప అందరూ అప్పడిగినవాళ్లే. ఆ క్షణమే ఆయనకి శాతం పాషా అని పేరు పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో నష్వా అంది: "మంచివాడిలా ఉన్నాడు."

"అలా ఉండడానికే నూటికి ఒకటిన్నర."

"మరి నీకొచ్చా ఆ పని?"

"రాదు."

"వచ్చినవాడికి డబ్బివ్వడం వింతా? మంగలికివ్వట్లేదూ?"

"మంగలి నా తల మొత్తం విలువలో నూటికింతని అడగడు కదా!"

"అడిగినా నీకు పెద్దగా పడదులే" అంది. బస్సులో ముందు సీటాయన కూడా నవ్వాడు.

మర్నాడు గడ్డం గీసుకుంటుంటే మెరుపులా ఉపాయం తట్టింది. రుసుము చూపించిన డబ్బు మీద. సలహాకేమో బరువుండదు. డాక్టరు ఒకడికి జ్వరం మందు రాస్తే, ఆ చీటీతోనే ఇంటిల్లిపాదీ కొనుక్కోవచ్చు. అలాగే పాషాకి పదో వంతు చూపిస్తాను. ఆయన దాన్ని ఎలా తిప్పితే, మిగతా తొమ్మిది వంతులూ ఇంట్లో నేను అలాగే తిప్పుతాను. సలహా మొత్తానికి, రుసుము చిటికెడుకి! సంతోషంలో చెంప తెగింది.

ఒంటరిగా వెళ్లి ఇరవై ఏడు వేలు కట్టాను. ఖాతా ఇద్దరి పేరునా తెరిచాం కాబట్టి నష్వా సంతకం ముందే ఉంది.

"ఇచ్చేశావా?" అంది ఇంటికి రాగానే.

"ఇచ్చేశా."

"మొత్తం?"

"మొత్తమే."

నా వైపు ఓ రెండు క్షణాలు చూసి, మామిడిపండు కోసి, పెద్ద ముక్క నాకిచ్చింది. ఎంత అమాయకురాలు అనుకున్నాను. కళ్లు చెమర్చాయి కూడా.

మిగతా రెండు లక్షల నలభై మూడు వేలు ఎక్కడ దాచాలి? మా ఊళ్లో పెళ్లికూతురితో పాటు వచ్చే అద్దాల బీరువా ఉంటుంది, నీష్ అంటాం. అందులో నూట ఇరవై నాలుగు పింగాణీ సామాన్లు. వాటిలో ఎవరూ తినరు. తుడుస్తారు, చూస్తారు, చూపిస్తారు, కూతురికిస్తారు. మా అమ్మ నీష్‌లోని కప్పులో ముప్ఫై ఏళ్లుగా ఎవరూ టీ తాగలేదు. అంతకన్నా భద్రమైన బ్యాంకు ఈజిప్టులో ఏదీ? నష్వా నీష్‌లో పెద్ద సూపు గిన్నె, దానికో మూత. డబ్బు అందులో పెట్టి మూతేశాను.

మొదటి నెల పాషా దగ్గర్నుంచి ఫోనుకి సందేశం వచ్చింది: "బంగారం ఫండులో వాటా పెంచాను." ఆయనకది ఒక మీట నొక్కడం. నాకు మాత్రం రెండు బస్సులు మారి బంగారం బజారుకెళ్లడం.

"కడ్డీ కొనుక్కో బాబూ" అన్నాడు దుకాణం గిర్గిస్. "గాజులకి తయారీ కూలి ఎక్కువ. మళ్లీ అమ్మేటప్పుడు ఆ కూలి తిరిగి రాదు."

కొట్టువాడు నా మేలు కోరి, పైగా ఉచితంగా సలహా చెబుతున్నాడా? వీడి దగ్గర కడ్డీలు అమ్ముడుపోక మిగిలినట్టున్నాయి. నన్నే బోల్తా కొట్టిద్దామనే! ఘనంగా గాజులే కొన్నాను.

రెండో నెల: "బంగారం వాటా తగ్గించాను." గాజులు అమ్మాను. మూడో నెల: "పెంచాను." కొన్నాను. నాలుగో నెల తగ్గించాడు. ఆ గిర్గిస్ నన్ను చూడగానే కుర్చీ తుడిచి టీ తెప్పించడం మొదలుపెట్టాడు. నా సౌమ్యతకి మెచ్చాడనుకున్నాను.

మధ్యలో ఓసారి అనుమానమొచ్చి పాషా దగ్గరికెళ్లాను.

"మీ సలహా చిన్న మొత్తానికేనా, పెద్ద మొత్తానికీ పనిచేస్తుందా? మా స్నేహితుడొకడున్నాడు..."

"ఎంతుంది ఆయన దగ్గర?"

"రెండు లక్షల నలభై మూడు వేలు."

"చాలా కచ్చితమైన స్నేహితుడు" అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "ఆయన్నోసారి తీసుకురండి."

"వాడు సిగ్గరి."

"అర్థమవుతోంది. కానీ ఆయనకో మాట చెప్పండి. నేను ఫండులో మార్చేది కాగితం, దానికి ఖర్చు దాదాపు ఉండదు. చేత్తో సరుకు కొని అమ్మేవాడు నాలా మార్చకూడదు."

నవ్వుకుంటూ బయటికొచ్చాను. రుసుము పోతుందని ఎంత భయమో పాపం!

ఐదో నెల వాటా పెంచాడు. సూపు గిన్నె నిండా గాజులే. గడువింకా రెండు వారాలుందనగా నష్వా పళ్లెంలో అన్నం వడ్డిస్తూ అంది: "శుక్రవారం ఉస్తాద్ ముఖ్తార్‌ని భోజనానికి పిలిచాను. మన డబ్బు మొత్తం చూసుకుంటున్నాడు, బాతు కూడా పెట్టకపోతే ఎలా?"

"మొత్తం" అన్న మాట దగ్గర నాకు పొలమారింది. అమ్మ వీపు తట్టింది.

శుక్రవారం. బాతు వేగింది. ఆకుల్లో చుట్టిన అన్నం ఉడికింది. పాషా చిరునవ్వుతో సహా వచ్చాడు. అందరం కూర్చున్నాం. అప్పుడు నష్వా లేచి, చేతులు తుడుచుకుని, నీష్ తలుపు తెరిచింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను లేచి నిలబడి.

"సూపు వడ్డించొద్దూ?"

"అందులోనా?!" ఇది నేను కాదు, మా అమ్మ. "అమ్మాయ్, అది నీష్! అందులో తింటారుటే ఎవరైనా?"

"గొప్ప అతిథి కదా అత్తయ్యా, ఈ ఒక్కసారికి."

"నాకు సూపు పడదు! ఆయనకీ పడదు! డాక్టరు వద్దన్నాడు!" అని అరిచాను.

"నాకెవరూ వద్దనలేదే" అన్నాడు పాషా.

నష్వా మూత తీసింది. లోపలికి చూసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"వగ్దీ! నాకు కానుకా?!"

ఒక్కో గాజూ తీసి చేతికి వేసుకుంటోంది. మోచెయ్యి దాటింది. రెండో చెయ్యి మొదలుపెట్టింది. అమ్మ ఒక క్షణం నోరు తెరుచుకుని, ఆ తెరిచిన నోటితోనే "లులులులూ" అని శుభధ్వని ఎత్తుకుంది. పై అంతస్తు నుంచి ఎవరో బదులిచ్చారు. కింది అంతస్తు వాళ్లు శుభాకాంక్షలు చెప్పడానికి మెట్లెక్కి వచ్చారు.

మిత్రులారా, నా స్థితి ఊహించండి. "అది కానుక కాదు, మన పెట్టుబడి" అందామంటే ఎదురుగా పాషా. ఆయన ముందు దొంగనవుతాను. "పొరపాటు, తీసెయ్" అందామంటే పక్కన అమ్మ, గుమ్మంలో సగం వీధి. భార్య చేతికెక్కిన బంగారం భార్యదే. తిరిగి అడిగినవాణ్ణి మా వీధిలో కూరగాయలవాడు కూడా పలకరించడు.

"బాగున్నాయా?" అంది నష్వా, రెండు చేతులూ చాచి.

"చాలా" అన్నాను. నా గొంతు నాకే బాతు గొంతులా వినిపించింది.

"ఇంత ప్రేమించే భర్త అరుదు" అన్నాడు పాషా. "చాలా సిగ్గరి కూడాను."

రెండు రోజుల తర్వాత నష్వా ఆ గాజులన్నీ గిర్గిస్‌కి అమ్మేసి, డబ్బు బల్ల మీద పెట్టింది. పాషా దగ్గరున్న ఖాతా కూడా మూసి తెచ్చింది. నాలుక కొస బయటపెట్టి లెక్కపెట్టింది. నేను మాత్రం ఆనందించే స్థితిలో లేను.

"నీ ఇరవై ఏడు వేలు, రుసుము పోను, ముప్ఫై వేల మూడొందలైంది" అంది. "గాజులకి రెండు లక్షల అరవై మూడు వేల ఏడొందలు. వెరసి రెండు లక్షల తొంభై నాలుగు వేలు."

"ఆరు వేలు తక్కువ" అన్నాను నీరసంగా.

"మొత్తం ఆయనకే ఇచ్చి ఉంటే మూడు వేలు ఎక్కువుండేది. పద్దెనిమిది వందల రుసుము తప్పించుకోవడానికి గిర్గిస్‌కి తొమ్మిది వేల తయారీ కూలి కట్టావు నా రాజా."

"నీకెలా తెలుసు ఇదంతా?"

"ఖాతా ఇద్దరి పేరునా ఉంది కదా. నువ్వు కట్టిన రోజే 'ఇరవై ఏడు వేలు జమ' అని నా ఫోనుకీ సందేశం వచ్చింది."

"మామిడిపండు కోసిన రోజా?"

"కోసే ముందే."

"మరి ఆర్నెల్లూ ఎందుకూరుకున్నావు?"

"గిన్నెలో ఉంది కదా, ఎక్కడికి పోతుందనుకున్నా. మొదటి వారమే దుమ్ము తుడుస్తూ నోట్లు చూశాను, ఆ తర్వాత మూత తీయకుండానే తుడిచేదాన్ని. ఈమధ్య మూత తీస్తే గాజులు కనిపించాయి, ఆరా తీస్తేనే నువ్వు నెలనెలా కొట్టుకెళ్లి కొని అమ్ముతున్నావని తెలిసింది. ఇంకొక్క తిప్పు తిప్పితే ఫ్లాటు పోయేది."

ఆ ఆరు వేలకీ నా కొత్త ఫోను అమ్మాం. బంగారం ధర ఐదు నిమిషాలకోసారి చూసుకోవడానికే కదా, ఇక దాని అవసరం ఏముందంది నష్వా. గడువుకి నాలుగు రోజుల ముందు బయానా కట్టాం. డబ్బు తన గాజులది కాబట్టి ఒప్పందం తన పేర రాయించుకుంది. నేను సాక్షి సంతకం పెట్టాను. ఆ ఫ్లాటు గోడలు తట్టి చూశాం. మందంగా ఉన్నాయి. ఆ ఒక్క చప్పుడు విన్నాక నాకు పెద్దగా బాధ మిగల్లేదు.

బస్సులో తిరిగొస్తుంటే ఒక్క అనుమానం మాత్రం వదల్లేదు.

"ఆ నీష్ తెరవడం, బాతు, పాషా ఎదురుగా మూత తీయడం... ఇంత నాటకం నీకు తట్టిందా?"

"నాకెక్కడ తడుతుంది? ఉస్తాద్ ముఖ్తార్ దగ్గరికెళ్లి అడిగాను. విడిగా ఒక గంట సలహాకి ఆయన ఐదొందలు తీసుకుంటాడు."

"ఐదొందలా! ఆ డబ్బెక్కడిది నీకు?"

నష్వా నా భుజం మీద తల వాల్చి, హాయిగా కళ్లు మూసుకుంది.

"నీ ప్యాంటు జేబులోది" అంది.