బంతిపూల కింద ఎర్ర దీపం

దసరా మర్నాడు పొద్దున్నే సరోజన తమ్ముడి సంచి సర్దడానికి కూర్చుంది. అడుగున రెండు కొత్త చొక్కాలు, వాటి మీద తువ్వాలు, పక్కన మామిడికాయ తొక్కు సీసా, పైన సర్వపిండి ముక్కలు పెట్టిన స్టీలు డబ్బా. అన్నీ పట్టాయి. పట్టగానే మళ్ళీ అన్నీ తీసి మొదటి నుంచి సర్దింది. సంచి మూత పడితే మధుకర్ బయల్దేరతాడని ఆమెకు తెలుసు.

తల్లి పోయాక మధుకర్‌ను పెంచింది ఆమే. వరంగల్‌లో డీజిల్ మెకానిక్ పని నేర్చుకుని, మద్రాసులో ఒక సరుకుల ఓడ ఇంజన్ గదిలో ఉద్యోగం సంపాదించాడు. ఇవాళ మహబూబాబాద్‌లో రైలెక్కితేనే ఓడ అందుతుంది. సముద్రం మాట వింటేనే సరోజనకు భయం. అందుకే కొడకండ్ల దాకా వెళ్ళి ఒక పూజారి చేత రాగి తాయెత్తు చేయించింది.

"చెయ్యి చాపు తమ్మీ."

"ఊకో అక్కా. గిది కట్టుకొని జహాజుల తిరిగితే అందరు నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వెటోళ్ళు నిన్ను ఒడ్డుకు తెస్తరా?"

మధుకర్ చెయ్యి చాపలేదు. సరే, మనిషికి కాకపోతే బండికైనా కడదాం, స్టేషన్ దాకా అయినా కాపాడుతుంది అనుకుంది సరోజన.

బండి ఆమె భర్త జగపతిది, పాత అంబాసిడర్. దానిలోని పెట్రోలు ఇంజన్ పీకేసి, ఎక్కడో దొరికిన డీజిల్ ఇంజన్ బిగించింది మధుకరే. కొత్త ఇంజన్‌కు మొదటి దసరా కదా అని జగపతి బంతిపూల దండను బానెట్ మీద కాకుండా ఇంజన్‌కే వేయించాడు. పూలు వాడేదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

దారమైతే వేడికి కాలిపోతుంది. సరోజన బాగా ఆలోచించి, ఇంట్లో పనిచేసే యాదమ్మ దగ్గర పందిరికి కట్టే ఇనుప తీగ తీసుకుంది. దండ ఎత్తి చూస్తే, ఇంజన్ పక్కన మేకులా పొడుచుకొచ్చిన ముక్క ఒకటి కనిపించింది. తాయెత్తు కోసమే ఎవరో పెట్టినట్టుంది. తాయెత్తును తీగతో దానికి వేలాడదీసి, పూలు కప్పేసింది.

ముగ్గురూ స్టేషన్‌కు బయల్దేరారు. దంతాలపల్లి దాటి గతుకుల్లో పడగానే బండిలో ఎర్ర దీపం మినుకుమంది. మధుకర్ బండి ఆపేశాడు. లోపల నూనె సరిగా తిరగకపోతే వెలిగే దీపం అది. దాన్ని లెక్కచేయకుండా నడిపితే ఇంజన్ పట్టేస్తుంది.

"నేను చెప్పలే బామ్మర్ది? పెట్రోలు బండి కడుపుల డీజిల్ పోస్తే గిట్లనే అయితది," అన్నాడు జగపతి.

"ఇంజనే మార్చిన గద బావా. ఇంకా పెట్రోలు బండి ఎక్కడిది?"

"మరి గా సంగతి బండికి ఎరుకనా?"

మధుకర్ సంచిలోంచి తువ్వాలు లాగి, ఆయిల్ పుల్ల తుడిచి చూశాడు. నూనె నిండుగా ఉంది. ఎక్కడైనా కారుతోందేమోనని బావాబామ్మర్దులు బండి కిందికి వంగారు. ఆ సందులో సరోజన దండ ఎత్తి చూసింది. తాయెత్తు ఊగుతోంది. సడలింది కాబట్టే గండం వచ్చిందని ఆమెకు అర్థమైపోయింది. తీగ రెండో కొసను పక్కనున్న ఇనుప గొట్టానికి గట్టిగా మెలేసి బిగించింది.

ఈసారి దీపం మినుకుమనలేదు. నిలకడగా వెలిగింది.

"ఇందాక కన్ను కొట్టింది, ఇప్పుడు గుడ్లురుముతున్నది," అన్నాడు జగపతి.

ఇంజన్ అరిగి నూనెలో ఇనుప రజను పడిందేమో చూడాలన్నాడు మధుకర్. నూనె పట్టడానికి గిన్నె లేదు. సర్వపిండి డబ్బా ఖాళీ చేయాల్సి వచ్చింది. ముక్కలు ఒక కొత్త చొక్కాలోకి వెళ్ళాయి. రెండో చొక్కాతో ఫిల్టర్ తుడిచాడు. జగపతి పరేషాన్‌లో ఒక్కొక్క ముక్కే తింటూ నిలబడ్డాడు. రజను లేదు. నూనె మళ్ళీ పోశారు. దీపం అలాగే ఉంది.

"బావా, జర గా దండ తీస్తే దీపం స్విచ్చి చూస్త."

"పండుగ పూలు వాడకముందే తీస్తవా? ఉన్న ఇంజన్ కూడ పోతది!"

"తియ్యొద్దు తమ్మీ!" భర్తకంటే గట్టిగా అరిచింది సరోజన.

అంతలో బస్సు వచ్చింది. ఇంట్లో కారుండగా బామ్మర్ది బస్సెక్కడం నామోషీ అని జగపతి చెయ్యెత్తనివ్వలేదు. బస్సు పోయింది. కాసేపటికి రైలు వేళా దాటిపోయింది. పొలం నుంచి ఎద్దులతో వస్తున్న కొమురెల్లి మోకు వేసి అంబాసిడర్‌ను లాగాడు.

"మా ఎద్దులకు గసొంటి దీపం లేదు పటేలా. మంచిగనే నడుస్తయి," అన్నాడు.

"నోరు మూసుకొని తోలు," అన్నాడు జగపతి.

ఇల్లు చేరేసరికి పూలు వాడిపోయాయి. జగపతి సరేనన్నాక మధుకర్ దండ తీశాడు. తీగను చూశాడు. అక్కను చూశాడు. బావను పిలవలేదు.

"నువ్వేనా అక్కా?"

"చేతికి కట్టనియ్యలేదు గదరా."

మధుకర్ నేల మీద కూలబడి నవ్వాడు. "నువ్వు కట్టింది దీపం స్విచ్చికి. దాని తీగ ఇంజన్ ఇనుముకు తగిల్తే చాలు, వెలుగుతది. ఇంజన్‌కు ఏ రోగం లేదు."

తీగ విప్పి బండి స్టార్ట్ చేస్తే దీపం ఆరిపోయింది. ఆ రాత్రి మధుకర్ ఇంట్లోనే అన్నం తిన్నాడు. సరోజన కొసరి కొసరి వడ్డించింది. తాయెత్తు తన పని చేసిందనే అనుకుంది.

మర్నాడు నూనె మరకల చొక్కాలే సంచిలో పెట్టుకుని అతను బస్సెక్కాడు. ఎక్కేముందు తనే చెయ్యి చాపాడు.

"కట్టు అక్కా. ఎవరన్న నవ్వితే నీ పేరు చెప్త."

ఈసారి దారంతో కట్టింది. "జహాజు పోయిందేమో తమ్మీ?"

"గది పోతే ఇంకోటి ఉంటది. ఫికర్ చెయ్యకు."

ఇంకోటి దొరికింది. అతనికి అందని ఓడ సరుకు దించి క్షేమంగా తిరిగొచ్చింది. అంబాసిడర్ చాలా ఏళ్ళు తిరిగింది, ఎర్ర దీపం మళ్ళీ ఎవరినీ ఆపలేదు. అతను ఎక్కిన ఓడ 1983 జూన్‌లో తుఫానులో మునిగింది, మధుకర్ తిరిగి రాలేదు.