మూడోసారి పిలిస్తే

వెల్లుల్లి వేసి వేయించిన రాత్రి అన్నం, ఎండుచేపలు, కాఫీ బల్ల మీదికి వచ్చిన ఒక ఏప్రిల్ ఉదయాన క్రిసాంతో తన కుటుంబానికి శుభవార్త చెప్పాడు. శనివారం తెల్లవారుతూనే అందరూ జాంబాలెస్ సముద్రతీరానికి బయల్దేరుతున్నారు. ఆదివారం రాత్రికి తిరిగి వస్తారు. ఆయన జీప్నీ డ్రైవరు, పొడుగాటి జీపులాంటి ఆ బండిలో ఊళ్ళో జనాన్ని తిప్పుతాడు. రోజూ తోలే జీప్నీలోనే విహారానికి కూడా వెళ్ళడమంటే వంటవాడు సెలవురోజు గరిటె పట్టుకున్నట్టే ఉంటుందని, వరసకు తమ్ముడయ్యేవాడి దగ్గర ఏసీ వ్యాను అడిగి ఉంచాడు. కవల పిల్లలు కేకలు పెట్టారు. బామ్మ పాసింగ్ అప్పుడే ఏ తువ్వాలు తీసుకెళ్ళాలో ఆలోచనలో పడింది. పదహారేళ్ళ అమిహాన్ మాత్రం ఎండుచేప ముల్లును పళ్ళెం అంచున పెట్టి, గుండె జారిపోయినదానిలా కూర్చుంది.

పుస్తకాల మీద, బడి మీద, కుటుంబ విహారాల మీద అమిహాన్‌కు గట్టి అభిప్రాయాలున్నాయి. పుస్తకాలంత మంచివి లోకంలో లేవు. బడి ఫరవాలేదు, ముందు బల్లలో కాస్త పొడుగుపిల్ల కూర్చుంటే లెక్కల క్లాసులో ఒక అధ్యాయం సాగుతుంది. విహారం అలా కాదు. దారంతా ఎవరో ఒకరు ఉడికించిన గుడ్డు చేతిలో పెడతారు. కవలల్లో ఒకడు వాంతి చేసుకుంటాడు, రెండోవాడు వాడిని చూసి చేసుకుంటాడు. కథల్లో మనుషులు ఒంటరిగా సముద్రం ముందు నిలబడి జీవితం గురించి ఆలోచిస్తారు. అమిహాన్ ఇంతవరకూ సముద్రాన్ని బంధువుల భుజాల మధ్యనుంచే చూసింది.

పైగా ఈసారి ఆమె దగ్గర ఇటుకంత లావున్న నవల ఉంది. లైట్‌హౌస్ కాపలాదారు కూతురి కథ. సెలవులకని ఇస్తూ లైబ్రరీ మేడమ్, ఇది ముక్కలుముక్కలుగా చదివే పుస్తకం కాదనీ, ఎవరూ లేని ఇల్లు చూసుకుని చదవమనీ చెప్పింది. ఆరుగురు మనుషులు, ఒక పందెం కోడి ఉన్న ఇంట్లో అలాంటి సలహాకు అమిహాన్ అప్పుడు నవ్వింది. ఇప్పుడు లెక్క వేసుకుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ఇల్లు రెండు రోజులు ఖాళీగా ఉండబోతోంది. తనొక్కతే అందులో మిగలగలిగితే చాలు.

నేను రానని చెప్పడం కుదరదు. కిందటేడు ఒకసారి కాసేపు ఒంటరిగా ఉంటానన్నందుకు అమ్మ నెనిటా ఆమె నుదురు పట్టి చూసింది, బామ్మ వీపంతా కర్పూరం నూనె రాసింది, ఆదివారం పూజలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించారు. ఒంట్లో బాగాలేకనో, ఎవరినో ప్రేమించో తప్ప మనిషికి ఒంటరిగా ఉండాలనిపిస్తుందని ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అందరూ మెచ్చే కారణం ఒక్కటే ఉంది. బండిలో చోటు లేకపోవాలి.

దానికి దారి వాళ్ళ వీధి మర్యాదలోనే దొరికింది. ఆ వీధిలో అన్నం తింటున్నవాళ్ళు గుమ్మం ముందునుంచి ఎవరు వెళుతున్నా రండి తిందాం అనాలి. వెళ్ళేవాళ్ళు కడుపు కాలుతున్నా ఇప్పుడే అయింది, మీరు కానివ్వండి అనాలి. ఒకసారి పిలిస్తే అది మర్యాద. రెండోసారి పిలిస్తే అభిమానం. మూడోసారి కూడా పిలిచారంటే అది నిజం పిలుపు, ఇక కాదంటే పిలిచినవాళ్ళ ముఖం మీద కొట్టినట్టే. అందుకని వీధిలో అందరూ అందర్నీ పిలుస్తారు, రెండు దగ్గర ఆగుతారు.

ఆ సాయంత్రం వెనిగర్ కోసం తల్లి వెంట వీధిలోని సాలింగ్ కిరాణా కొట్టుకు వెళ్ళినప్పుడు అమిహాన్ మొదటి దెబ్బ వేసింది.

"శనివారం సముద్రానికి వెళుతున్నాం సాలింగ్, నువ్వూ రాకూడదూ," అంది నెనిటా, చిల్లర అందుకుంటూ.

"ఈసారికి మీరు వెళ్ళిరండి వదినా, కొట్టెవరు చూస్తారు," అంది సాలింగ్. అక్కడికి మాట అయిపోయింది.

"రా పిన్నీ," అంది అమిహాన్. "నువ్వు లేకపోతే బామ్మకి తోచదు."

సాలింగ్ చేతిలో వెనిగర్ సీసా ఆగింది. కింద నెనిటా కాలు కూతురి కాలి మీద పడింది. అమిహాన్ పళ్ళు బిగించి ముందుకు వంగింది.

"నిజంగా పిన్నీ. రా."

"ఇంతగా పిలుస్తుంటే రానంటే బాగుండదులే," అంది సాలింగ్, కళ్ళు తుడుచుకున్నంత పనిచేసి. మర్నాటికి ఆమెతోపాటు ఆమె చెల్లెలు కూడా చేరింది, ఎందుకంటే సాలింగ్ కూడా ఆ వీధి మనిషే, చెల్లెల్ని పిలవకుండా ఎలా వెళుతుంది.

వ్యాను నిండిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అమిహాన్ తల వంచుకుని, తనకు చోటు లేకపోయినా బాధ లేదని, ఇల్లు కనిపెట్టుకుని ఉంటానని మెల్లగా చెప్పింది. గొంతులో జీర కూడా సరిగ్గా కుదిరింది. క్రిసాంతోకు ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళి వ్యాను వద్దని చెప్పి వచ్చాడు.

"నా కూతురికి చోటులేని బండిలో నేను సముద్రానికి వెళ్తానా?" అన్నాడు. "జీప్నీ తీస్తున్నా. అదైతే వీధంతా పడుతుంది."

కాబట్టి అమిహాన్ ఇప్పుడు వీధంతా పిలవాల్సి వచ్చింది. మరుసటి రోజు బ్యాటరీల కొట్టు బెర్తోను పిలిచింది. ఆయన రెండుసార్లు వద్దని, మూడోసారికి మైకు పట్టుకుని పాడుకునే తన వీడియోకే మిషను కూడా తెస్తానన్నాడు. శుక్రవారం చర్చి దగ్గర గాయక బృందం ఎదురైంది. వాళ్ళు మర్యాదస్తులు, పైగా పాడేవాళ్ళు. పై గొంతులవాళ్ళు ఒకసారి, కింది గొంతులవాళ్ళు ఒకసారి వద్దన్నారు, మూడో పిలుపుకి అంతా కలిసి సరేనన్నారు.

ఆ సాయంత్రం పెద్ద డేగిసాలో పంది మాంసం వెనిగర్, సోయా పులుసులో ఉడుకుతుంటే నెనిటా గరిటె ఆపి కూతుర్ని చూసింది.

"నీకేమైనా పట్టిందా?"

"అందరూ ఉంటే సరదాగా ఉంటుంది కదమ్మా," అంది అమిహాన్.

నెనిటా నుదురు పట్టి చూసింది. చల్లగానే ఉంది. అదే ఆమెకు అనుమానంగా తోచింది.

శనివారం తెల్లవారేసరికి జీప్నీ గుమ్మం ముందు పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ముందు వెండి గుర్రాలు, అద్దం మీద మేరీమాత, చుట్టూ రంగు దీపాలు అన్నీ వెలుగుతున్నాయి. క్రిసాంతో పాటలు పెట్టాడు. బెర్తో తన స్పీకరు కూడా సరిచూస్తూ దాన్నీ మోగించాడు. రెండు పొడుగాటి సీట్ల మీద మనుషులు, మనుషుల ఒళ్ళలో అన్నం కుండలు, నూడుల్స్ ట్రేలు, గాలి ఊదిన ఈత చక్రాలు. గాయక బృందం ఇద్దరు ఇద్దరుగా ఒకరి మీద ఒకరు కూర్చుంది. అమిహాన్ నవల చంకలో పెట్టుకుని గేటు దగ్గర త్యాగమూర్తిలా నిలబడింది.

"చోటు లేదు కదా నాన్నా. నేనుంటాలే. కోడికి గింజలెవరు వేస్తారు?"

క్రిసాంతో తన జీవితంలో ఏ ప్రయాణికుడినీ చోటు లేదని పంపినవాడు కాదు. వెనక్కి తిరిగి, అలవాటైన గొంతుతో, కాస్త జరిగితే ఇంకొకరు పడతారని అందర్నీ కోరాడు. జరగడానికి ఎవరికీ ఎముక కదల్లేదు. అప్పుడు సాలింగ్ కుండతో సహా కిందికి దిగింది.

"ఇంటిపిల్లని వదిలేసి నేను సముద్రంలో మునగనా? నా సీట్లో కూర్చో తల్లీ."

అక్క దిగాక చెల్లెలు కూర్చోగలదా, ఆమె దిగింది. ఆడవాళ్ళు దిగుతుంటే బెర్తో దిగాడు. గాయక బృందం వరసగా దిగింది. ప్రతివాళ్ళూ నువ్వెక్కు అంటే నువ్వెక్కు అన్నారు, ఒక్కొక్కరిని మూడేసిసార్లు బతిమాలారు, మూడోసారికి ఎక్కినవాళ్ళు ఇంకా ఎక్కనివాళ్ళను చూసి సిగ్గుపడి మళ్ళీ దిగారు. ఒక దశలో జీప్నీలో బామ్మ పాసింగ్ ఒక్కతే మిగిలింది. ఆమెకు మర్యాద లేక కాదు, కాలు రెండు డేగిసాల మధ్య ఇరుక్కుపోయింది. ఎండ గోడ మీదికి వచ్చింది. పాటలు మోగుతూనే ఉన్నాయి, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

చివరికి అమిహాన్ ఓడిపోయింది. తను ఎక్కితే తప్ప ఇంకెవరూ ఎక్కరని తెలిసి, గాయక బృందం నాయకురాలి మోకాళ్ళ మీద, ముఖానికి ఈత చక్రం ఆనుకునేలా కూర్చుంది. మిగతావాళ్ళు ఆమె చుట్టూ సర్దుకున్నారు. నాయకురాలు ఆమె చేతిలో ఉడికించిన గుడ్డు పెట్టింది. క్రిసాంతో శిలువ గుర్తు వేసుకుని తాళం తిప్పాడు.

జీప్నీ ఒక్కసారి దగ్గి ఊరుకుంది. దీపాలు మెల్లగా ఆరిపోయాయి. పాట సాగి, సాగి, మూలిగి ఆగింది.

"బ్యాటరీ దిగిపోయింది," అన్నాడు క్రిసాంతో. "ఏం బెర్తో, దీనికి పట్టేది నీ కొట్లో ఇంకోటి ఉండాలి కదా?"

"ఉంది," అన్నాడు బెర్తో, చూపు ఎటో తిప్పి. "అదే ఈ స్పీకరుకి తగిలించా."

రెండూ చచ్చాయి. ఛార్జింగ్ పెడితే సాయంత్రమవుతుందన్నాడు. నాలుగు వీధుల అవతల ఇంకో బ్యాటరీల కొట్టు ఉంది. కానీ బెర్తో ఎదురుగా కూర్చుని ఉండగా ఇంకొకరి దగ్గర బ్యాటరీ కొనగల మొండిమనిషి ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. సరే, జీప్నీని తోసి గోడ నీడలో పెట్టారు. ఎండకు నూడుల్స్ పాడైపోతాయని ట్రేలు లోపలికి తెచ్చారు. తెచ్చారు కాబట్టి అరిటాకులు పరిచారు. పరిచారు కాబట్టి తిన్నారు. బట్టలుతికే తొట్టిలో నీళ్ళు నింపితే కవలలు ఈత చక్రాలతో సహా దూకారు. వీడియోకే ఇంటి కరెంటుకు తగిలించారు. గుమ్మం ముందునుంచి వెళ్ళేవాళ్ళను రండి తిందాం అన్నారు, రెండోసారి, మూడోసారి కూడా అన్నారు, ఆ రోజు ఎవరికీ రెండు దగ్గర ఆగబుద్ధి కాలేదు. సాయంత్రానికి బ్యాటరీ సిద్ధమైంది. సముద్రం మాట ఎవరూ ఎత్తలేదు. ఇంత బాగుంటే సముద్రం దేనికని బామ్మ అంది, కాలు వేడినీళ్ళలో పెట్టుకుని.

ఆ శనివారం మధ్యాహ్నానికే, ఎవరూ లేని ఇల్లు కోరుకున్న పిల్ల ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆమె మంచం మీద గాయక బృందం కునుకు తీస్తోంది. వంటింట్లో సాలింగ్ అక్కచెల్లెళ్ళు రెండోసారి అన్నం వండుతున్నారు. బాత్రూమ్ ముందు వరస ఉంది. పెరట్లో కోడికి అందరూ గింజలు వేస్తే, అదీ కదల్లేక పడుకుంది. అమిహాన్ నవల పట్టుకుని గదిగదీ తిరిగి, వీధిలోకి వచ్చి, గోడ నీడలో ఉన్న జీప్నీని చూసింది.

అందులో ఒక్క మనిషి లేడు.

ఎక్కి, వానకు దించే ప్లాస్టిక్ తెరలు రెండువైపులా దించుకుంది. బామ్మ మరిచిపోయిన దిండు ఉంది. పొడుగాటి సీటు మీద కాళ్ళు బార్లా చాపుకుని మొదటి పేజీ తీసింది. లైట్‌హౌస్ మెట్ల మీద కాపలాదారు కూతురు దీపం పట్టుకుని నడుస్తోంది. తెరల్లోంచి వచ్చే వెలుగు నీలంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉంది. ఇంట్లోంచి తండ్రి పాడుతున్న ప్రేమపాట, శ్రుతి తప్పినదే అయినా, గోడ దాటి వచ్చేసరికి అలల హోరులా మెత్తబడింది. దానికి తల్లి నవ్వు కూడా కలిసింది. అమిహాన్‌కు హాయిగా అనిపించింది. వాళ్ళు లేని ఇల్లు ఇంత బాగుండేది కాదేమోనని ఒక్క క్షణం అనుకుని, ఆ మాట ఎవరికీ చెప్పకూడదని పేజీ తిప్పింది.

కాసేపటికి తెర కాస్త పైకి లేచింది. నెనిటా, చేతిలో పుల్లమామిడి ముక్కలు, రొయ్యల పేస్టు ఉన్న పళ్ళెం. ఆమె కూతుర్ని చూసింది, పుస్తకం చూసింది, దిండు చూసింది. ఆ వారమంతా జరిగింది ఆమె ముఖంలో ఒక్కొక్కటే సర్దుకోవడం అమిహాన్‌కు కనిపించింది. సాలింగ్ కొట్టు, బెర్తో, గాయక బృందం.

"భోజనానికి రా," అంది నెనిటా.

"మీరు కానివ్వండమ్మా," అంది అమిహాన్, ఊపిరి బిగబట్టి.

రెండో పిలుపు రావాలి. రాలేదు. నెనిటా పళ్ళెం సీటు మీద పెట్టి, తెర మళ్ళీ దించి వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఆమె గొంతు వినిపించింది. పిల్లకు కాస్త ఒళ్ళు వేడిగా ఉందనీ, ఎవరూ అటు వెళ్ళి కదిలించొద్దనీ అందరికీ చెబుతోంది. ఈసారి నుదురు మాత్రం పట్టి చూడలేదు. ఆదివారం చీకటి పడేలోపు నవల పూర్తయింది.

జూన్‌లో బడి తెరిచాక, సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారని టీచరు ఒక్కొక్కరినీ లేపి అడిగింది. అమిహాన్ లేచి, జీప్నీలో సముద్రానికి వెళ్ళానని చెప్పింది. ఎవరెవరు వెళ్ళారని టీచరు అడిగింది.

"వీధంతా బయల్దేరాం టీచర్," అంది అమిహాన్. "చేరింది నేనొక్కదాన్నే."