మరక లేని ఆకాశం

ఆకాశంలో సగమైన మహిళలకు ఆకాశంలోనే జరిగిన అన్యాయాన్ని పదిహేను రోజుల్లో సరిదిద్దుతామని శాస్త్రశాఖ మంత్రిగారు ప్రకటించారు. రుజువు చూపించిన ప్రతి మహిళ పేరూ నక్షత్రాల పట్టికలోకి ఎక్కిస్తామన్నారు. అన్యాయం పాతదే అయినా గడువు కొత్తది కనక పత్రికలు మెచ్చుకున్నాయి.

ఆ వార్త భూతద్దం పిన్ని రెండుసార్లు చదువుకుంది. అబ్జర్వేటరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. రాత్రి మగవాళ్ళు గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీస్తే, పగలు ఆమె, ఆమె తోటి ఆడవాళ్ళు భూతద్దంతో ఆ చుక్కలు కొలిచి, పలక వెనక సిరాతో గుర్తులు పెట్టేవారు. అలా ఒకనాడు, పలక పలకకీ వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉన్న చుక్కొకటి ఆమె కంటబడింది. చుట్టూ సున్నా చుట్టి, తేదీ వేసి, సంతకం పెట్టింది. పట్టికలో మాత్రం అప్పటి డైరెక్టరుగారి పేరు పడింది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ మంట పిన్నికి ఇప్పటికీ ఆరలేదు.

ఇప్పటి డైరెక్టరుగారు అలాంటివారు కారు. మహిళలంటే ఆయనకు ఎంత గౌరవమంటే, మంత్రిగారు అబ్జర్వేటరీలో పెట్టించిన మహిళల సన్మానసభ వేదిక మీద కుర్చీలన్నీ పెద్దలతో నిండిపోయినా, పిన్నికి మెట్ల పక్కన స్టూలు వేయించారు. పలకల ప్రదర్శన పని కూడా స్వయంగా నెత్తినేసుకున్నారు.

సభకు ముందురోజు పిన్ని తన పలక చూసుకుందామని వెళ్ళేసరికి హాలంతా స్పిరిట్ వాసన. నంబరు పట్టి వెతికి, పలకను కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. చుక్కలున్నాయి. సున్నా లేదు.

"వీటిమీద రాతలుండాలి కదండీ?" అంది.

"మీరేం కంగారుపడకండి పిన్నిగారూ," అన్నారు డైరెక్టరుగారు. "ఎవరో ఆడవాళ్ళు అడ్డదిడ్డంగా గీసిపెట్టారు. మంత్రిగారు చూస్తే మన పరువేం కాను? నాలుగు వేల పలకలూ మూడు రోజుల్లో తుడిపించేశాను."

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. తుడిచిన చేతులు విరగ్గొడదామని అటు తిరిగింది. గుడ్డలు పిండుకుంటున్నవాళ్ళూ ఆడవాళ్ళే. వచ్చిన దారినే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు మంత్రిగారు మరుగునపడ్డ మహిళల గురించి గంటసేపు ప్రసంగించారు. ఒక పలక పైకెత్తి, ఇన్నేళ్ళయినా ఒక్క మరక లేదు, ఆడవాళ్ళ చేతి మహిమ అదీ అన్నారు. తర్వాత డైరెక్టరుగారు చెవిలో ఏదో చెప్పగా, పిన్నిని వేదిక మీదికి పిలిపించారు.

"మీరూ ఒక నక్షత్రం కనిపెట్టారటగా అమ్మా? రుజువుంటే చెప్పండి, ఇప్పుడే మీ పేరు ఎక్కించేస్తాను."

"నిన్నటిదాకా ఉండేదండి," అంది పిన్ని.

సభంతా చప్పట్లు కొట్టింది. మంత్రిగారి చేతిలోని పలక ఫొటోలో బాగా పడాలని, కెమెరా అతను పిన్నిని కాస్త పక్కకు జరగమన్నాడు.